వంకరగా వచ్చిన ఫోటోలు

ఆదివారం పొద్దున. చిన్నపిల్లలకు ఫోటోలు తీయడం నేర్పే క్లాసు. గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు కట్టిన దారాలకు క్లిప్పులతో ఫోటోలు వేలాడుతున్నాయి. పిల్లలు బయట ఆవరణలో ఉన్నారు. లోపల టీచరు, అందరూ ముద్దుగా ఉడత అని పిలిచే ఒక పిల్ల తండ్రి.

“అది కాదండీ, నేను వంకర అన్నది ఫోటోని. పిల్లని కాదు.”

“ఆరేళ్ళ పిల్లకి ఆ తేడా ఏం తెలుస్తుంది టీచరుగారూ? వంకర అన్నారు, అంతే. నిన్నట్నుంచి పాలు ముట్టలేదు. ‘నాన్నా, నా కళ్ళు వంకరా?’ అంటోంది. ఎవర్ని అడుగుతోందీ? నన్ను! కళ్ళజోళ్ళ షాపువాణ్ణి!”

“అయ్యయ్యో. ఉడత అలా అందా?”

“అలాగే అంది. ఈ వీధిలో సగం మందికి చూపు పరీక్ష చేసేది నేనే కదా. దాన్నీ కూర్చోబెట్టి చేశాను. అన్నిటికన్నా కింద ఉండే చిన్నక్షరాలు కూడా గడగడా చదివేసింది.”

“దాని కళ్ళకేం లోపమండీ! క్లాసులో అందరికన్నా చురుకైన కళ్ళు దానివే. మిగతా పిల్లలు కెమెరా ఇవ్వగానే పిల్లినీ, పుట్టినరోజు కేకునీ తీసుకొస్తారు. మీ ఉడత ఏం తెచ్చిందో తెలుసా? తలుపు సందులోంచి వచ్చే వెలుతురు. ఆరేళ్ళ పిల్ల!”

“మరి అంత చురుకైన కళ్ళు పెట్టుకుని అది తీసినవన్నీ ‘మళ్ళీ తియ్యి’, ‘మళ్ళీ తియ్యి’ అని ఎందుకు వెనక్కి పంపుతున్నారు?”

“అన్నీ కాదు. ఒక్క పాఠంలోవే. ‘ఒకే చోటు’ అని ఒక పాఠం పెట్టాను. ఇంట్లో ఒక చోటు ఎంచుకోవాలి. రోజూ పొద్దున్నే అక్కడే నిలబడి, అదే వైపు చూస్తూ ఒక్కటంటే ఒక్క ఫోటో తియ్యాలి. ఉన్నచోటే ఉండి చూస్తే రోజూ ఏదో ఒకటి మారుతూ ఉంటుందని పిల్లలకి వాళ్ళంతట వాళ్ళకే తెలియాలని.”

“తెలుసు. అది వాళ్ళ నానమ్మ గదిలో తలుపు ఎంచుకుంది.”

“తలుపు, దాని ముందు పైనుంచి వేలాడే లైటు. ఎంత బాగుందో. మొదట్లో చక్కగా తీసింది. తర్వాత తర్వాత కెమెరా పక్కకి ఒంచి పట్టుకోవడం మొదలెట్టింది. రోజురోజుకీ ఇంకాస్త, ఇంకాస్త...”

“పట్టుకోలేదు.”

“చిన్నపిల్ల కదండీ, చెయ్యి నొప్పెట్టి—”

“అసలు పట్టుకోలేదంటున్నాను! అదే కదా నేను మొత్తుకునేది. దాని చేతిలో కెమెరానే లేదు. మొదటి వారంలోనే నేను బల్ల చేసిచ్చాను. చెక్క బల్ల. కెమెరా సరిగ్గా కూర్చునేట్టు పైన గాడి. నాలుగు కాళ్ళూ నేలకి స్క్రూలతో బిగించాను. కొత్త టైల్సుకి చిల్లులు పెట్టానని మా ఆవిడ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు కూడా. ఉడత చేసేది బటన్ నొక్కడం ఒక్కటే.”

“బల్లా? నాకు చెప్పలేదే!”

“మీరు అడిగితే కదా చెప్పడానికి. ఫోటో వెనకాల ఎర్ర సిరాతో ‘నిటారుగా పట్టుకో’ అని రాసి పంపేశారు. పాపం అది, బల్లని నిటారుగా పట్టుకుని నిలబడింది. రెండు చేతులతో, వాటేసుకుని.”

“అయ్యో... నవ్వకూడదు గానీ నవ్వొస్తోంది.”

“నాకు రావట్లేదు.”

“సారీ అండీ. అయితే ఆ స్క్రూలు లూజయి ఉంటాయి. బల్లే పక్కకి ఒరిగి ఉంటుంది.”

“మొన్ననే చూశాను. రసమట్టం పెట్టి మరీ చూశాను. బుడగ నట్టనడుమ ఉంది. బల్ల ఇసుమంత కూడా కదల్లేదు.”

“మరి ఫోటో ఎందుకు వంకరగా వస్తుంది?”

“అదే నేనూ అడుగుతున్నాను. ఏవి అసలు ఆ వంకర ఫోటోలు? చూపించండి, నేనూ చూస్తాను. దాని కన్నీళ్ళకి తగ్గ వంకరేనా కాదా.”

“ఇదిగో, ఈ రెండో దారం మొత్తం దానివే. ఇటు నుంచి మొదలు.”

“ఇవా?”

“ఇవే.”

“ఇవి నిటారుగానే ఉన్నాయి కదండీ! తలుపు చట్రం చూడండి, గీత గీసినట్టుంది. మొదటిదీ అంతే, మధ్యలోవీ అంతే, చివరిదీ అంతే. వీటికోసమా దాన్ని ఏడిపించింది?”

“అంటే... ఇవి... నేను కాస్త సరిచేశాను.”

“సరిచేశారా?”

“కంప్యూటర్లో. కాస్త పక్కకి తిప్పాను. తలుపు చట్రం ఫోటో అంచుకి సమానంగా వచ్చేదాకా. తర్వాత అంచులు కత్తిరించేస్తే ఎవరికీ తెలియదు.”

“టీచరుగారూ.”

“ఏమిటండీ.”

“మొదటిరోజు తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టి ఏం చెప్పారు మీరు? ‘పిల్లల చేతికి కెమెరా ఇవ్వండి, వాళ్ళ చూపుని దిద్దకండి.’ గంటసేపు చెప్పారు. నేను చప్పట్లు కూడా కొట్టాను.”

“కొట్టారు. ముందు వరసలో కూర్చుని కొట్టారు, గుర్తుంది. ఏం చెయ్యనండీ, పోయినసారి ప్రదర్శనకి వచ్చిన పెద్దమనిషి అందరి ముందూ అన్నాడు, ‘కెమెరా తిన్నగా పట్టుకోవడం కూడా నేర్పలేదా తల్లీ’ అని. నాకు తల కొట్టేసినట్టయింది. రేపటి ప్రదర్శనకి మళ్ళీ ఆయనే వస్తున్నాడు. అందుకని—”

“అక్కా! వీడు నా నీడని తొక్కుతున్నాడు అక్కా!”

“లోపలికి రాకమ్మా, ఫోటోలకి తగులుతావు. వాడు నీ నీడని తొక్కితే నువ్వు వాడి నీడని ఫోటో తీసెయ్యి. అప్పుడు వాడికి మిగలదు. వెళ్ళు, వెళ్ళు. ...చూశారా, ఇవాళ నీడల పాఠం. ఉడత ఉంటే ఎగిరి గంతేసేది.”

“మాట మార్చకండి.”

“మార్చలేదండీ. తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను.”

“ఒప్పుకున్నారు కాబట్టి వదిలేస్తున్నాను. కానీ ఈ లైటేమిటి?”

“ఏ లైటు?”

“ఈ లైటు. మొదటి ఫోటోలో తిన్నగా కిందకి వేలాడుతోంది. ఈ నాలుగోదాంట్లో చూడండి, కొంచెం పక్కకి పోయింది. ఇక్కడ ఇంకొంచెం. చివరిదాంట్లో మరీనూ. ఎవరో తీగ పట్టుకుని లాగుతున్నట్టు.”

“గాలికి ఊగుతోందేమో. నేనూ గమనించాను. బాగానే ఉందిలే, ఫోటోలో కదలిక వచ్చిందనుకున్నాను. ఫ్యాను వేసి ఉంటుంది.”

“ఆ గదిలో ఫ్యాను లేదు. మా అమ్మకి పడదు, కీళ్ళనొప్పులు.”

“అయితే కిటికీ.”

“కిటికీ గాలయితే ఓసారి అటు ఊగాలి, ఓసారి ఇటు ఊగాలి. ఇది ఎప్పుడూ ఒక వైపుకే ఉంది. ఊగడం కాదిది. రోజుకింత చొప్పున జరగడం.”

“అవునండోయ్.”

“దీనికి కూడా మీరేమన్నా చేశారా?”

“లేదు, లేదు. లైటు జోలికి నేను పోలేదు. ఫోటో మొత్తాన్ని తిప్పానంతే. తలుపు నిటారుగా రావాలని గది మొత్తాన్ని... ఆగండి.”

“ఏమిటి?”

“గది మొత్తాన్ని తిప్పితే లైటు కూడా తిరుగుతుంది కదా. తిన్నగా వేలాడే లైటు వంకరగా కనబడుతుంది. అంతే అయ్యుంటుంది.”

“అంటే మీరు తిప్పకముందు లైటు తిన్నగానే ఉందంటారా?”

“ఉండాలి.”

“అసలువి ఉన్నాయా? మీరు దిద్దనివి?”

“కంప్యూటర్లో ఉన్నాయి. రండి, ఇలా కూర్చోండి. ఆ కుర్చీ కాదు, అది పిల్లలది, విరుగుతుంది. ...ఇదిగోండి. ఇది మొదటిది.”

“తలుపు నిటారు, లైటు నిటారు.”

“ఇది ఆ తర్వాతి వారంలోది.”

“లైటు నిటారు. తలుపు... కొంచెం.”

“ఇది నిన్నటిది.”

“తలుపు... ఇంకా ఒరిగింది.”

“లైటు చూశారా? తిన్నగా ఉంది. అన్నిట్లోనూ తిన్నగానే ఉంది.”

“చూశాను.”

“కెమెరా ఒరిగి ఉంటే లైటు కూడా ఒరిగినట్టు కనబడాలి కదండీ. తలుపొక్కటే ఒరగదు.”

“లెన్సు లోపం అయ్యుంటుంది. నాకు తెలుసు లెన్సుల సంగతి. చవక లెన్సుల్లో అంచుల దగ్గర గీతలు వంగుతాయి. అద్దాలు అమ్మేవాణ్ణి, నాకు తెలియదా?”

“అదే కెమెరా, అదే లెన్సు. మొదటిరోజు లేని లోపం నెల తిరిగేసరికి వస్తుందా?”

“తేమకి వస్తుంది. బూజు పడుతుంది. రకరకాలు.”

“ఒక్కసారి ఇలా చూడండి. రెండూ ఒకదాని మీద ఒకటి పెడతాను. ఇది మొదటిది. ఇది నిన్నటిది. మొదటిది. నిన్నటిది. మొదటిది—”

“ఆపండి.”

“తలుపు పైచట్రం చూడండి, ఆ మూల ఎంత కిందకి—”

“ఆపమన్నానా!”

“...ఆపాను.”

“సారీ. గట్టిగా అరిచాను.”

“పర్లేదు. బల్ల కదల్లేదు, కెమెరా కదల్లేదు, లైటు కదల్లేదు. మరి కదిలిందేమిటండీ?”

“పాత తలుపు. చెక్క కదా, వానలకి ఉబ్బుతుంది. పట్టేస్తోందని నేనే రెండుసార్లు చిత్రిక పట్టాను.”

“రెండుసార్లా?”

“ఒకసారి పట్టాక మళ్ళీ పట్టేసింది. చెక్కండీ, చెక్క అంతే.”

“తలుపు ఉబ్బుతుంది సరే. చట్రం? గోడలో ఉన్న చట్రం?”

“దాని సంగతి మేస్త్రీని అడగాలి.”

“ఆ మూడో దారం కాస్త చూస్తారా? అవీ ఉడతవే. ‘మా ఇంటి వింతలు’ అని తెచ్చింది. పేర్లన్నీ అదే పెట్టింది, నేను ముత్యాల్లాంటి అక్షరాలతో కింద రాశాను. వీటిని చూసే కదా నేను మురిసిపోయింది.”

“‘వెలుతురు జారుడుబల్ల.’ ఏమిటిది?”

“నానమ్మ గది తలుపు కిందనుంచి వచ్చే వెలుతురు. ఒక పక్క సన్నంగా, ఇంకో పక్క లావుగా ఉంది కదా. చీమలు జారి ఆడుకోవడానికట.”

“ఇది?”

“‘అల్మరాకి ఆకలి.’ వంటింట్లో అల్మరా ఎన్నిసార్లు మూసినా దానంతట అదే నోరు తెరుస్తోందట.”

“మూస్తాం, తెరుచుకుంటుంది. మా ఆవిడ దానికి రబ్బరు బ్యాండు వేస్తోంది.”

“ఇది ‘నానమ్మ పౌడరు.’ దుప్పటి మీద తెల్లగా పడింది చూడండి.”

“పైనుంచి సున్నం రాలుతుంది. పాత బిల్డింగుల్లో మామూలే.”

“ఇది ‘మెట్లకి మీసం.’”

“...ఆ పగులుకి నేను పుట్టీ పెట్టించాను.”

“పెట్టించారు. ఉడత చెప్పింది. ‘నాన్న మీసం గీయించేశాడు, మళ్ళీ మొలిచింది’ అంది. ఇది మొలిచాక తీసింది.”

“అదే చోట మొలిచింది.”

“క్లాసంతా పడీపడీ నవ్వాం. నేనూ నవ్వాను. ఇంకోటి కూడా అందండీ. ‘అక్కా, మా ఇల్లు మెటికలు విరుచుకుంటోంది, అది ఎలా ఫోటో తియ్యాలి?’ అని అడిగింది. శబ్దాన్ని ఫోటో తియ్యలేం కన్నా అని చెప్పి బుగ్గ గిల్లాను. బుగ్గ గిల్లి పంపేశానండీ.”

“పిల్లలు ఏదో ఒకటి అంటారు.”

“మీకు వినబడలేదా ఆ శబ్దం?”

“షాపులో ఉంటాను పొద్దస్తమానం. నాకెక్కడ వినబడుతుంది?”

“అమ్మగారికి?”

“అమ్మ ఏదో అంటూనే ఉంటుంది. ఎలుకలంటుంది. ఎలుకల బోను కూడా తెచ్చాను.”

“ఎలుకలు పడ్డాయా?”

“లేదు.”

“మీ బిల్డింగులో కింద ఏం జరుగుతోంది?”

“కిందా? ఏమీ లేదు. కింద షాపు.”

“ఏ షాపు?”

“సరుకుల షాపు. కొంచెం పెద్దది చేసుకుంటున్నారు.”

“పెద్దది అంటే ఎలా?”

“రెండు గదులున్నాయి, ఒకటి చేసుకున్నారు. మధ్యలో గోడ తీశారు. అడ్డుగోడండీ. అడ్డుగోడ తీస్తే ఏమవుతుంది?”

“అడ్డుగోడేనా?”

“గోడే.”

“గోడ ఒక్కటేనా?”

“గోడలోనే... ఒక స్తంభంలాంటిది ఉంది. సన్నది. ఇంజనీరు చూశాడు. అది పెద్దగా బరువు మొయ్యట్లేదన్నాడు.”

“ఏ ఇంజనీరు?”

“వాళ్ళు తీసుకొచ్చినాయన.”

“షాపువాళ్ళా?”

“మరి మాకెవరు తెలుసు?”

“బిల్డింగులోవాళ్ళు ఒప్పుకోవాలి కదండీ. ఎవరు ఒప్పుకున్నారు?”

“అసోసియేషన్.”

“అసోసియేషన్ అంటే?”

“అంటే... సెక్రెటరీ సంతకం పెడితే చాలు.”

“సెక్రెటరీ ఎవరు?”

“కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి టీచరుగారూ, నాకు స్తంభాల సంగతి ఏం తెలుస్తుంది?”

“మీరా?”

“ఎవరూ ముందుకు రాకపోతే నన్ను అంటగట్టారు. మా అమ్మ మూడో అంతస్తు నుంచి కిందకి దిగి ఏడాది దాటింది. గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి గదిలోకి, అంతే బతుకు. షాపువాళ్ళు ఏమన్నారో తెలుసా? ఒప్పుకుంటే లిఫ్టు పెట్టిస్తామన్నారు. ఆ ఒక్క మాట చాలదా? అమ్మకి చెప్పాను. ఏడ్చింది. కొత్త చెప్పులు కొనిపెట్టమంది, లిఫ్టులో దిగేటప్పుడు వేసుకోవడానికి.”

“లిఫ్టు వచ్చిందా?”

“వస్తుంది.”

“స్తంభం తీసింది ఎప్పుడు?”

“మీ క్లాసు మొదలైన వారంలోనే. ఉడత కెమెరా తెచ్చుకున్న మర్నాడు దుమ్ము దుమ్ము. కెమెరాకి దుమ్ము పడుతుందని గుడ్డ కప్పి దాచుకుంది.”

“అదిగో.”

“ఏమిటి అదిగో? పోయిన ఆదివారం కూడా వాళ్ళు చెప్పారు, అంతా సర్దుకుంటుందని. కొత్తగా బరువు పడితే బిల్డింగు సర్దుకుంటుందట. కొన్నాళ్ళు అలాగే ఉంటుందట.”

“అంటే మీరు అడిగారన్నమాట.”

“ఊఁ?”

“అడగబట్టే కదా వాళ్ళు చెప్పింది. మీకూ అనుమానం వచ్చింది. తలుపు చిత్రిక పడుతూ, పగులుకి పుట్టీ పెడుతూ, రసమట్టం పెట్టి నేల చూసుకుంటూ...”

“నేల సమానంగానే ఉంది! మొన్ననే చూశాను! నేల కూడా ఒరిగిందంటేనే ప్రమాదం, అది బాగున్నంతవరకూ భయం లేదన్నాడు ఆ ఇంజనీరు. ఆ మాట మీద గుండె దిటవు చేసుకుని పడుకుంటున్నాను.”

“మీరు పుట్టీ పెట్టారు, నేను కంప్యూటర్లో తిప్పాను. పిల్ల ఒక్కతే ఉన్నది ఉన్నట్టు చూపించింది. దాన్నేమో వంకర అన్నాం.”

“ఇప్పుడవన్నీ ఎందుకండీ...”

“ఇంట్లో ఎవరున్నారు ఇప్పుడు?”

“అమ్మ. ఉడత. మా ఆవిడకి ఆదివారం కూడా డ్యూటీ.”

“ఉడత ఇంట్లో ఉందా? ఇవాళ క్లాసుందిగా! ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.”

“ఒంట్లో బాగానే ఉంది. మీరే కదా రాశారు! ‘చివరిది నిటారుగా తీసుకునే రా’ అని. అలా వచ్చేదాకా క్లాసుకి రానని మంచంకోడు పట్టుకుని కూర్చుంది. ఇవాళ తీస్తాను, మళ్ళీ తీస్తాను, వచ్చేదాకా తీస్తాను అని.”

“నేను రావద్దనలేదు! తీసుకుని రమ్మన్నాను—”

“ఆ తేడా దానికేం తెలుస్తుంది టీచరుగారూ?”

“ఫోన్ చెయ్యండి.”

“ఇప్పుడు వాళ్ళని భయపెట్టి...”

“చెయ్యండి! నేను ఫైరువాళ్ళకి చేస్తాను.”

“ఆగండి, ఆగండి. ఏమని చెప్తారు? పిల్ల తీసిన ఫోటో వంకరగా వచ్చింది, బిల్డింగు ఖాళీ చేయించండి అంటారా? నలుగురిలో నవ్వులపాలైపోతాం.”

“నవ్వనివ్వండి! ఎంతమంది ఉంటారు మీ బిల్డింగులో?”

“ఆదివారం కదా. అందరూ ఇళ్ళల్లోనే ఉంటారు. అందరూ... దేవుడా. అందరూ ఉంటారు.”

“అమ్మగారి నంబరు కలపండి. ఏదీ, కలిపారా?”

“రింగవుతోంది.”

“...హలో? హలో, అవునండీ, ఒక బిల్డింగు... కూలిందని కాదు, కూలేట్టుంది. లేదండీ, తమాషా కాదు. వీధి చివర, కింద సరుకుల షాపు ఉంటుంది, మూడంతస్తులది. అవును, నేను చూశాను. చూశానండీ, కళ్ళారా చూశాను. రండి ముందు, వచ్చాక తిట్టండి.”

“ఎత్తట్లేదు.”

“మళ్ళీ చెయ్యండి.”

“అమ్మకి వినబడదు. ఫోను దిండు కింద పెడుతుంది.”

“నడుస్తూ చెయ్యండి, పదండి. చెప్పులు వదిలెయ్యండి, పదండి!”

“మళ్ళీ రింగవుతోంది టీచరుగారూ.”

“ఆపకండి, చేస్తూనే ఉండండి.”

“ఎత్తింది! ఎత్తింది, ఆగండి... అమ్మా?”

“నాన్నా! నేను.”

“ఉడతా! స్పీకర్... ఇదిగో, స్పీకర్ పెట్టాను. ఉడతా, నానమ్మేదమ్మా?”

“మంచం మీద ఉంది నాన్నా. నానమ్మ మంచం ఇవాళ తనే జరిగింది. నానమ్మేమో నేను తోశానంటోంది. నేను తొయ్యలేదు.”

“తొయ్యలేదమ్మా, నువ్వు తొయ్యలేదు. నేను చెప్పినట్టు చెయ్యి. నానమ్మని లేపు. చెయ్యి పట్టుకో. ఇద్దరూ కిందకి వెళ్ళిపోండి, వీధిలోకి. ఇప్పుడే.”

“నానమ్మ మెట్లు దిగలేదు కదా నాన్నా. లిఫ్టు వచ్చాక దిగుతుంది. కొత్త చెప్పులు వేసుకుని.”

“అయితే నువ్వు... నువ్వు ముందు... అయ్యో, ఏం చెప్పను దానికి, ఏం చెప్పను...”

“ఉడతా, నేనమ్మా, ఫోటో అక్కని.”

“అక్కా!”

“కన్నా, ఎదురింటి తలుపు గట్టిగా బాదు. వాళ్ళు వచ్చి నానమ్మని ఎత్తుకుంటారు. ఫోటో వద్దు, ఏమీ వద్దు. నువ్వు బయటికి వచ్చెయ్యి, సరేనా? నేను కోప్పడను. ఇంకెప్పుడూ కోప్పడను.”

“కోప్పడక్కర్లేదక్కా, ఇవాళ వచ్చేసింది!”

“ఏం వచ్చేసింది?”

“ఫోటో! తలుపు నిటారుగా వచ్చేసింది. నేను బల్ల కదపలేదు, ఒట్టు, అసలు ముట్టుకోలేదు. మీరు దారానికి కట్టారు చూడండి, అచ్చం అలాగే వచ్చిందక్కా. తలుపు తిన్నగా ఉంది, లైటొక్కటే వంకరగా ఉంది.”